లైనక్స్ ఇన్‌స్టాల్ అయింది, సర్వర్ మాత్రం లేవట్లేదు: డిస్క్ మార్చాలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: సెకండ్‌హ్యాండ్‌లో ఓ పాత ర్యాక్ సర్వర్ కొన్నారు. పెన్‌డ్రైవ్‌తో ఉబుంటు సర్వర్ 24.04 మూడుసార్లు ఇన్‌స్టాల్ చేశారు. మూడుసార్లూ చివరిదాకా సాఫీగా నడిచింది. పెన్‌డ్రైవ్ తీసి రీబూట్ చేస్తే మాత్రం "నో బూటబుల్ డివైస్" అని నల్ల తెర. హార్డ్‌డిస్క్ పోయిందా, కొత్తది కొనాలా అని అడుగుతున్నారు.

కొనొద్దు. నాలుగోసారి ఇన్‌స్టాల్ కూడా చేయొద్దు. డిస్క్ పాడై ఉంటే మూడుసార్లూ ఒక్క ఎర్రర్ లేకుండా అన్ని ఫైళ్లు రాసుకోవడం చాలా అరుదు. నాకు తెలిసి ఇలాంటి కేసుల్లో ఎక్కువ శాతం ఒకటే గొడవ: మీ పెన్‌డ్రైవ్ ఒక మోడ్‌లో బూట్ అయింది, సర్వర్ ఇంకో మోడ్‌లో డిస్క్‌ను వెతుకుతోంది. మోడ్ అంటే మెషీన్ ఆన్ కాగానే డిస్క్ మీది సిస్టమ్‌ను వెతికి లేపే పద్ధతి. ఒకటి కొత్తదైన యూఈఎఫ్‌ఐ, ఇంకోటి పాత బయోస్, అంటే సెటప్ స్క్రీన్‌లో లెగసీ అని కనిపించేది. సిస్టమ్ మొత్తం డిస్క్ మీద భద్రంగానే ఉంది. సర్వర్ ముందు గుమ్మం దగ్గర నిలబడి తలుపు కొడుతోంది, తలుపేమో వెనకవైపు పెట్టారు. అంతే తేడా.

ఎలా జరుగుతుందంటే, బూట్ మెనూలో మీ పెన్‌డ్రైవ్ రెండుసార్లు కనిపించి ఉంటుంది. ఒకసారి ఉత్త పేరుతో, ఇంకోసారి ముందు "యూఈఎఫ్‌ఐ" అని తగిలించుకుని. ఏది నొక్కామో మనకు గుర్తుండదు. ఏది నొక్కితే ఆ మోడ్‌లోనే ఇన్‌స్టాలర్ డిస్క్‌ను తయారుచేస్తుంది, ఒక్క మాట కూడా అడగదు.

ఇక చూడాల్సినవి. కమాండ్లను నేను ఫోన్‌లో చెప్పే పద్ధతిలోనే రాస్తున్నాను. పదిహేనేళ్లుగా సగం రిపేర్లు ఫోన్ మీదే చేశాను, ఆ అలవాటు పోదు.

పెన్‌డ్రైవ్ మళ్లీ పెట్టి బూట్ చేయండి. ఇన్‌స్టాలర్ మొదటి స్క్రీన్ రాగానే పైన కుడివైపు హెల్ప్ మెనూలో షెల్‌లోకి, అంటే కమాండ్లు కొట్టే తెరలోకి, వెళ్లే ఆప్షన్ ఉంటుంది. అందులోకి వెళ్లి "ఎల్ఎస్" కొట్టి, స్పేస్ ఇచ్చి, స్లాష్ సిస్ స్లాష్ ఫర్మ్‌వేర్ అని ఇవ్వండి. అక్కడ "ఈఎఫ్‌ఐ" అనే ఫోల్డర్ ఉంటే పెన్‌డ్రైవ్ యూఈఎఫ్‌ఐ మోడ్‌లో లేచింది. లేకపోతే లెగసీ.

ఇక్కడే చాలామంది పొరబడతారు. ఆ ఫోల్డర్ చెప్పేది *ఇప్పుడు* పెన్‌డ్రైవ్ ఎలా లేచిందో మాత్రమే. అప్పుడు సిస్టమ్‌ను ఏ మోడ్‌లో ఇన్‌స్టాల్ చేశారన్నది డిస్క్‌నే అడగాలి. "ఎల్‌ఎస్‌బీఎల్‌కే హైఫన్ ఎఫ్" కొట్టండి. మొదటి పార్టిషన్ (డిస్క్‌లో ఒక భాగం) వరుస చూడండి. దానికి ఫైల్‌సిస్టమ్ కింద "వీఫ్యాట్" అని ఉంటే అది యూఈఎఫ్‌ఐ ఇన్‌స్టాల్. సైజు కూడా అర జీబీకీ ఒక జీబీకీ మధ్య ఉంటుంది. ఫైల్‌సిస్టమ్ గడి ఖాళీగా ఉండి, హైఫన్ ఎఫ్ తీసేసి ఉత్త ఎల్‌ఎస్‌బీఎల్‌కే కొట్టినప్పుడు సైజు 1 ఎంబీ అని చూపిస్తే అది లెగసీ ఇన్‌స్టాల్. ఆ 1 ఎంబీ ముక్క ఎందుకా అని చాలామంది దాన్ని తీసిపారేస్తుంటారు. జీపీటీ (డిస్క్ భాగాల లెక్క రాసుకునే కొత్త తరహా పార్టిషన్ టేబుల్) ఉన్న డిస్క్ మీద లెగసీ బూట్ నడవాలంటే గ్రబ్, అంటే లైనక్స్‌ను లేపే బూట్‌లోడర్, తన రెండో భాగాన్ని దాచుకునేది అక్కడే. అది పోతే సిస్టమ్ లేవదు.

డిస్క్ చెప్పిన మోడ్ ఏదో తెలిసింది కదా, సర్వర్ ఆన్ చేసి సెటప్‌లోకి వెళ్లి బూట్ మోడ్‌ను దానికి సరిపోయేలా మార్చండి. సేవ్ చేసి రీబూట్ చేయండి. పదిలో ఏడెనిమిది కేసులు ఇక్కడికే తేలిపోతాయి. మీదీ తేలుతుందనే నా నమ్మకం.

ఏ మోడ్ మంచిదని అడిగితే, మెషీన్ యూఈఎఫ్‌ఐని సరిగా మోస్తే అదే వాడండి. 2012 కన్నా పాత సర్వర్లలో యూఈఎఫ్‌ఐ ఉన్నా అది అరకొరగానే ఉంటుంది, వాటికి నేను లెగసీయే పెడతాను. రెండు టీబీ దాటిన డిస్క్ అయితే మాత్రం పాత ఎంబీఆర్ పార్టిషన్ టేబుల్‌తో మొత్తం జాగా వాడుకోలేరు, జీపీటీ తప్పదు.

మోడ్ సరిపోయినా లేవకపోతే రెండు కారణాలు చూడండి.

ఒకటి రెయిడ్ కంట్రోలర్. ర్యాక్ సర్వర్లలో డిస్క్‌లు నేరుగా మదర్‌బోర్డుకు తగిలి ఉండవు, మధ్యలో ఈ కార్డు ఉంటుంది. లెగసీ మోడ్‌లో అయితే ఆ కార్డు సొంత మెనూలో కూడా ఏ వర్చువల్ డిస్క్ (కార్డు అసలు డిస్క్‌లను కలిపి ఒకటిగా చూపించేది) నుంచి బూట్ కావాలో ఎంచుకోవాలి. రెండు వర్చువల్ డిస్క్‌లు ఉండి, మీరు రెండోదాని మీద ఇన్‌స్టాల్ చేసి ఉంటే అది మొదటిదాన్ని చూసి "ఏమీ లేదు" అనేస్తుంది.

రెండోది యూఈఎఫ్‌ఐకి సంబంధించింది. యూఈఎఫ్‌ఐలో బూట్ ఎంట్రీ డిస్క్ మీద కాకుండా మదర్‌బోర్డు మెమరీలో ఉంటుంది. "ఈఎఫ్‌ఐ బూట్ ఎంజీఆర్" అని కలిపి ఒకే పదంగా కొడితే జాబితా వస్తుంది. అందులో ఉబుంటు పేరు లేకపోయినా, ఉండి బూట్ ఆర్డర్‌లో అట్టడుగున ఉన్నా అదే కారణం. ఈ కమాండ్ కూడా యూఈఎఫ్‌ఐ మోడ్‌లో లేచిన పెన్‌డ్రైవ్ నుంచే పనిచేస్తుంది. లెగసీలో కొడితే వేరియబుల్స్ సపోర్ట్ లేదంటుంది. కొన్ని బోర్డులు మనం రాసిన ఎంట్రీలను పట్టించుకోవు. వీఫ్యాట్ పార్టిషన్‌లో ఈఎఫ్‌ఐ ఫోల్డర్, దానిలో బూట్ ఫోల్డర్, దానిలో "బూట్ ఎక్స్64 డాట్ ఈఎఫ్‌ఐ" అనే ఫైల్ ఉందా అని మాత్రమే చూస్తాయి. అలాంటి మొండి బోర్డుల కోసం గ్రబ్ ఇన్‌స్టాల్ కమాండ్‌కు "హైఫన్ హైఫన్ రిమూవబుల్" అనే ఆప్షన్ ఉంది. అది సరిగ్గా ఆ పేరుతో, ఆ చోట ఫైల్ పెడుతుంది.

సెకండ్‌హ్యాండ్ సర్వర్ అన్నారు కాబట్టి నా సొంత పరువు తక్కువ కథ ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల కింద సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర సీటీసీ అనే కంప్యూటర్ల మార్కెట్‌లో ప్రాక్టీస్ కోసం ఓ పాత సర్వర్ కొన్నాను. ఇంటికి తెచ్చి, అలవాటుగా సెటప్‌లో యూఈఎఫ్‌ఐ పెట్టి, ఇన్‌స్టాల్ చేశాను. మూడు వారాలు బంగారంలా నడిచింది. ఏప్రిల్‌లో ఓ సాయంత్రం గాలివానకు కరెంటు పోయింది. రెండు గంటల తర్వాత వచ్చింది, సర్వర్ లేవలేదు. డిస్క్ కరప్ట్ అయిందనుకుని మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను, మళ్లీ అలవాటుగా సెటప్‌లో యూఈఎఫ్‌ఐ పెట్టి. నడిచింది. వారం తర్వాత మళ్లీ కరెంటు పోయింది, మళ్లీ అదే పాట. అప్పుడు గానీ సెటప్ స్క్రీన్‌లో పై వరుస మీద నా కన్ను పడలేదు: తేదీ జనవరి 1 అని ఉంది. మూత తీసి రూపాయి బిళ్లంత బ్యాటరీ బయటకు లాగి మల్టీమీటర్ పెడితే, 3 వోల్టులు ఉండాల్సింది 2 దగ్గర కొట్టుకుంటోంది. కరెంటు పూర్తిగా పోయిన ప్రతిసారీ సెట్టింగులు చెరిగిపోయి లెగసీకి వెళ్లిపోతున్నాయి. మందుల షాపులో కూడా దొరికే 2032 నంబర్ బ్యాటరీ కోసం నేను రెండు శనివారాలు పోగొట్టుకున్నాను. పాత మెషీన్ కొన్నవాళ్లు ముందు ఆ బ్యాటరీ మార్చండి, తర్వాత మిగతావి.

మీకు వచ్చిన మెసేజ్ ఒకటే అయినా, ఈ ప్రశ్న వెతుక్కుంటూ వచ్చేవాళ్లకు వేరే మెసేజ్‌లు వచ్చి ఉంటాయి. అందుకే మిగతావి కూడా చెప్తాను. మేస్త్రీ పనిలో కూలీలు వరుసగా నిలబడి ఇటుకలు అందించుకోవడం చూశారు కదా, బూటింగ్ కూడా అంతే. ఫర్మ్‌వేర్ (మదర్‌బోర్డులోని యూఈఎఫ్‌ఐ లేదా బయోస్) గ్రబ్‌కు అందిస్తుంది, గ్రబ్ లైనక్స్ గుండెకాయైన కెర్నల్‌కు, కెర్నల్ తన వెంట వచ్చిన ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ (డ్రైవర్లున్న చిన్న మూట) సాయంతో అసలు డిస్క్‌ను పట్టుకుని, మిగతా సర్వీసులన్నీ మొదలుపెట్టే సిస్టమ్‌డీకి. ఇటుక ఎవరి చేతిలోంచి జారిందో తెర మీది ఆఖరి వరుస చెబుతుంది. అది చదవకుండా గూగుల్‌లో "లైనక్స్ నాట్ బూటింగ్" అని కొడితే ఆగమైపోతారు. వరుసలు కంటికి ఆనకుండా పరుగెడుతుంటే ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీసి తాపీగా చదవండి. తెర ఉత్త నల్లగా ఉంటే గ్రబ్ మెనూలో "ఈ" నొక్కి, "లైనక్స్" అని మొదలయ్యే వరుస చివర "క్వయట్", "స్ప్లాష్" అనే మాటలుంటే తీసేసి, కంట్రోల్ ఎక్స్ కొట్టండి. అది దాచిపెట్టినదంతా బయటపడుతుంది. మెనూయే రాకపోతే స్టార్ట్ అవుతుండగా యూఈఎఫ్‌ఐలో ఎస్కేప్ నొక్కండి, లెగసీలో షిఫ్ట్ పట్టుకోండి.

"గ్రబ్ రెస్క్యూ" అని ప్రాంప్ట్ వస్తే గ్రబ్ మొదటి ముక్క లేచింది, మిగతా ముక్కలున్న పార్టిషన్ దానికి దొరకలేదు. డిస్క్ మార్చినా పార్టిషన్లు కదిపినా ఇది వస్తుంది. ఉత్త "గ్రబ్" ప్రాంప్ట్ వస్తే గ్రబ్ బాగానే ఉంది, దాని కాన్ఫిగ్ ఫైల్ దొరకలేదు. పేర్లు ఒకేలా ఉన్నా జబ్బులు వేరు, మందు మాత్రం ఒకటే. గ్రబ్‌ను మళ్లీ పెట్టడం. అది కింద చెప్తాను.

డ్రాకట్ (ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌ను తయారుచేసే టూల్) పేరుతో టైమవుట్ వరుసలు పడి ఎమర్జెన్సీ షెల్ వచ్చిందంటే మీది రెడ్‌హ్యాట్ కుటుంబం, అంటే ఆల్మా, రాకీ లాంటి లైనక్స్‌లు. కెర్నల్ లేచింది, రూట్ డిస్క్, అంటే సిస్టమ్ మొత్తం ఉన్న డిస్క్, దొరకలేదు. ఒక మెషీన్‌లో ఇన్‌స్టాల్ చేసిన డిస్క్‌ను ఇంకో మెషీన్‌లో పెట్టినప్పుడు ఇది మామూలే. ఆ కుటుంబంలో ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ ఆ ఒక్క మెషీన్‌కు కావాల్సిన డ్రైవర్లనే మూటగట్టుకుంటుంది, కొత్త చోట కంట్రోలర్ వేరైతే చేతులెత్తేస్తుంది. గ్రబ్ మెనూలో అట్టడుగున "రెస్క్యూ" అని ఒక ఎంట్రీ ఉంటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. అందులో అన్ని డ్రైవర్లూ ఉంటాయి. దానితో లేచి "డ్రాకట్ హైఫన్ ఎఫ్", స్పేస్, "హైఫన్ హైఫన్ రీజెనరేట్ హైఫన్ ఆల్" కొట్టి రీబూట్ చేస్తే సరి.

ఇక "గివ్ రూట్ పాస్‌వర్డ్ ఫర్ మెయింటెనెన్స్". ఇది చూడగానే సిస్టమ్ సర్వనాశనమైందని అనుకుంటారు. నిజానికి ఇది అన్నిటికన్నా చిన్న జబ్బు. దాదాపు ప్రతిసారీ ఈటీసీ ఫోల్డర్‌లోని ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్‌లో, అంటే ఏ డిస్క్‌ను ఏ ఫోల్డర్‌కు కలపాలో (మౌంట్ చేయాలో) రాసి ఉండే ఫైల్‌లో, ఒక వరుస తప్పు.

బాలానగర్‌లో ఓ చిన్న వర్క్‌షాప్‌కు సర్వర్ పెట్టాను. బ్యాకప్ కోసం యూఎస్‌బీ డిస్క్ తగిలించి, ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో దానికో వరుస రాసి, ఒకసారి మౌంట్ చేసి చూసుకుని, చాయ్ తాగి వచ్చేశాను. మర్నాడు పొద్దున ఎనిమిదింటికి ఓనర్ ఫోన్. "సార్, నల్ల తెర మీద తెల్ల అక్షరాలు పడ్డయ్. నిమిషమున్నర లెక్కవెట్టింది, ఇప్పుడేందో పాస్‌వర్డ్ అడుగుతున్నది." నిమిషమున్నర అనగానే నాకు వెలిగింది. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో రాసిన డిస్క్ కోసం సిస్టమ్‌డీ మామూలుగా 90 సెకన్లు చూస్తుంది. రాకపోతే బూటింగ్ ఆపేస్తుంది. "యూఎస్‌బీ డిస్క్ ఉందా అన్నా మెషీన్‌కు?" అన్నాను. "లే సార్, మీరే గదా బ్యాకప్ ఆఫీసుల ఉంచొద్దన్నరు, ఇంటికి తీస్కవోయిన." ఆయన నా మాట విన్నాడు, నేనే ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో "నోఫెయిల్" అనే ఒక్క మాట రాయడం మర్చిపోయాను. ఆ మాట ఉంటే డిస్క్ లేకపోయినా బూటింగ్ సాగిపోయేది.

ఫోన్‌లోనే దిద్దించాను. రూట్ పాస్‌వర్డ్ కొట్టించి, ఫైల్‌ను రాయనివ్వకపోవడంతో "మౌంట్ హైఫన్ ఓ రీమౌంట్ కామా ఆర్‌డబ్ల్యూ స్లాష్" కొట్టించి, నానో ఎడిటర్‌తో ఫైల్ తెరిపించాను. ఆ వరుసలో "డిఫాల్ట్స్" పక్కన కామా పెట్టి నోఫెయిల్ చేర్చడానికి ఆయనకు పది నిమిషాలు పట్టింది. డిఫాల్ట్స్ తర్వాత స్పేస్ కొట్టి, ఆ తర్వాత కామా పెట్టాడు. ఆ ఒక్క స్పేస్‌కు మళ్లీ ఎమర్జెన్సీ మోడే. రెండోసారి అక్షరం అక్షరం చదివించుకున్నాను. అప్పటినుంచి ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ముట్టుకుంటే, రీబూట్‌కు ముందు "ఫైండ్ ఎంఎన్‌టీ హైఫన్ హైఫన్ వెరిఫై" కొట్టకుండా లేవను. తప్పు ఏ వరుసలో ఉందో అది చెప్పేస్తుంది.

గ్రబ్‌ను మళ్లీ పెట్టడం ఎలాగో ఉబుంటుకు చెప్తాను. పెన్‌డ్రైవ్‌ను *సరైన మోడ్‌లో* బూట్ చేసి షెల్‌లోకి రండి. ఉబుంటు సర్వర్ మామూలుగా ఎల్‌వీఎం (డిస్క్ జాగాను పంచిపెట్టే పొర) మీద కూర్చుంటుంది, కాబట్టి ముందు "వీజీచేంజ్ హైఫన్ ఏవై" కొట్టాలి. తర్వాత రూట్‌ను ఎంఎన్‌టీ ఫోల్డర్ మీద మౌంట్ చేయండి. దాని తర్వాత బూట్ పార్టిషన్‌ను ఎంఎన్‌టీ లోపలి బూట్ మీద, దాని తర్వాత వీఫ్యాట్ పార్టిషన్‌ను బూట్ లోపలి ఈఎఫ్‌ఐ మీద. ఈ వరుస తప్పకూడదు. బూట్ పార్టిషన్ మౌంట్ చేయడం మర్చిపోయినవాళ్లను నేను లెక్కలేనంతమందిని చూశాను. కమాండ్లన్నీ ఎర్రర్ లేకుండా నడుస్తాయి, గ్రబ్ కాన్ఫిగ్ కూడా తయారవుతుంది, కాకపోతే ఖాళీ ఫోల్డర్‌లో. రీబూట్ చేస్తే మొదటికే వస్తుంది, ఎందుకో అంతుపట్టదు.

ఆపైన డెవ్, ప్రాక్, సిస్, రన్ ఈ నాలుగింటినీ "మౌంట్ హైఫన్ హైఫన్ ఆర్‌బైండ్"తో లోపలికి కలిపి, సీహెచ్‌రూట్ చేసి, అంటే డిస్క్ మీది సిస్టమ్ లోపలికి వెళ్లి, గ్రబ్ ఇన్‌స్టాల్, అప్‌డేట్ గ్రబ్ కమాండ్లు కొట్టండి. లెగసీలో అయితే గ్రబ్ ఇన్‌స్టాల్‌కు మొత్తం డిస్క్ పేరు ఇవ్వాలి, పార్టిషన్ నంబర్ తగిలించకూడదు. పెన్‌డ్రైవ్ పేరు పొరపాటున ఇచ్చారో, గ్రబ్ దాని మీద పడుతుంది. పెన్‌డ్రైవ్ ఉంటే లేస్తుంది, తీస్తే లేవదు, అదొక తమాషా. రెడ్‌హ్యాట్ కుటుంబంలో యూఈఎఫ్‌ఐ మోడ్‌కు గ్రబ్ ఇన్‌స్టాల్ కమాండ్ వాడొద్దు. సీహెచ్‌రూట్ అయ్యాక గ్రబ్, షిమ్ ప్యాకేజీలను ఆ కుటుంబపు ప్యాకేజీ మేనేజర్ డీఎన్‌ఎఫ్‌తో రీఇన్‌స్టాల్ చేయాలి. లేకపోతే సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న బూట్‌లోడర్‌నే నడవనిచ్చే సెట్టింగ్) దగ్గర ఇంకో తంటా మొదలవుతుంది.

వర్చువల్ మెషీన్ల మీద నేర్చుకునేవాళ్లకు ఒక మాట. అమీర్‌పేటలో కోచింగ్ తీసుకునే ఓ అబ్బాయి ఆల్మా 9 వీఎంను తన ల్యాప్‌టాప్ నుంచి వేరే హోస్ట్‌కు, అంటే వీఎంలను నడిపే ఇంకో మెషీన్‌కు, మార్చాడు. లేవగానే కెర్నల్ ప్యానిక్, "అటెంప్టెడ్ టు కిల్ ఇనిట్" అని. ఇమేజ్ కాపీలో పాడైందని మూడుసార్లు కాపీ చేశాడు. ప్యానిక్ పైన రెండు వరుసల్లోనే సంగతి ఉంది: సీపీయూకు "ఎక్స్86-64-వీ2" అనే సామర్థ్య స్థాయి సపోర్ట్ లేదని. రెడ్‌హ్యాట్ 9 నుంచి ఆ కుటుంబానికి అది తప్పనిసరి, రెడ్‌హ్యాట్ 10కి అయితే వీ3 కావాలి. హోస్ట్‌లో సీపీయూ బాగానే ఉంది, వీఎంకు ఇచ్చిన సీపీయూ రకం మాత్రం "కేవీఎం64" అని పాతది. దాన్ని "హోస్ట్" అని మార్చాడు, లేచింది. మీ పాత సర్వర్ మీద కూడా రేపు రెడ్‌హ్యాట్ 10 వేద్దామనిపిస్తే ముందు ప్రాసెసర్ ఏ తరానిదో చూసుకోండి. వీ3కి ఏవీఎక్స్2 అనే ప్రాసెసర్ సామర్థ్యం కావాలి, ఇంటెల్‌లో అది 2013 నాటి హాస్వెల్ నుంచి మొదలైంది.

ఇంకో చిన్న సంగతి. లేవట్లేదు అనుకున్న సర్వర్లు కొన్ని నిజానికి లేస్తూనే ఉంటాయి, మనకే ఓపిక ఉండదు. ర్యాక్ సర్వర్ మెమరీ, కంట్రోలర్లు అన్నీ తడిమి చూసుకుని లోగో దాటడానికే మూడు నాలుగు నిమిషాలు తీసుకోవచ్చు. ఉబుంటులో నెట్‌వర్క్ కేబుల్ తగిలించకపోతే "వెయిట్ ఫర్ నెట్‌వర్క్ టు బి కాన్ఫిగర్డ్" అని ఇంకో రెండు నిమిషాలు కూర్చుంటుంది. పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేసే ముందు పది నిమిషాలు ఆగండి. వాడని పోర్టులకు నెట్‌ప్లాన్ ఫైల్‌లో (ఉబుంటు నెట్‌వర్క్ సెట్టింగులు ఉండే చోటు) "ఆప్షనల్ ట్రూ" రాస్తే ఈ వెయిటింగ్ పోతుంది.

మీరు ముందు బ్యాటరీ చూడండి, తర్వాత ఎల్‌ఎస్‌బీఎల్‌కే చెప్పిన మోడ్‌కు సెటప్ మార్చండి. అప్పటికీ లేవకపోతే మూడు ఫోటోలు పెట్టండి: ఎల్‌ఎస్‌బీఎల్‌కే అవుట్‌పుట్, సెటప్‌లో బూట్ పేజీ, ఆగిపోయిన తెర ఆఖరి వరుసలతో సహా. సర్వర్ మోడల్ నంబర్ కూడా రాయండి, కంట్రోలర్ ఏదో దాన్నిబట్టి చెప్తాను. ఆ పెన్‌డ్రైవ్‌ను మాత్రం అప్పటిదాకా ఫార్మాట్ చేయకండి.